ఇల్లు న్యూజెర్సీలో, రైఫిల్ పెన్సిల్వేనియాలో: సొంత రాష్ట్రం బయట తుపాకి కొనుగోలుపై ఒక కేస్ స్టడీ

న్యూజెర్సీలో ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలతో పాటు ఆయుధ చట్టాల కింద వచ్చే సలహా కేసులు కూడా చూసే న్యాయవాదిగా, ఈ మధ్యకాలంలో మనవాళ్ల నుంచి తుపాకుల గురించి ప్రశ్నలు పెరగడం గమనిస్తున్నాను. కొందరికి వేట మీద ఆసక్తి, కొందరికి షూటింగ్ రేంజ్ అలవాటు, మరికొందరికి ఇంటి భద్రత గురించిన ఆందోళన. కారణం ఏదైనా, చాలామంది ముందు దుకాణానికి వెళ్లి, స్నేహితుణ్ణి అడిగి, చిక్కు వచ్చాకే న్యాయవాది దగ్గరకు వస్తారు. కింద రాసిన కేసులో మాత్రం క్లయింటు డబ్బు చేతులు మారకముందే వచ్చారు. అందువల్ల ప్రతి మలుపులోనూ ఏ దారి ఎందుకు వద్దనుకున్నామో, ఏ దారి ఎందుకు సరిపోయిందో స్పష్టంగా చెప్పడానికి వీలైంది. మనుషులను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. చట్టం దృష్టిలో ముఖ్యమైనవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

క్లయింటు మధ్య న్యూజెర్సీలో కుటుంబంతో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హెచ్-1బీ మీద వచ్చి, ఏళ్ల తరబడి ఎదురుచూసి గ్రీన్‌కార్డు సంపాదించుకున్నారు. పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే గడువు ఇంకా రాలేదు. భార్యకూ గ్రీన్‌కార్డు ఉంది. ఆమె తమ్ముడు హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తూ వీళ్ల ఇంట్లోనే ఉంటున్నాడు. వీటికి తోడు క్లయింటుకు పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో ఒక చిన్న ఇల్లుంది. పెట్టుబడిగా కొన్న ఆ ఇల్లు ఏడాదిలో ఎక్కువ భాగం సెలవులకు వచ్చేవారికి అద్దెకు పోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే కుటుంబం అక్కడికి వెళ్తుంది.

కాలేజీ రోజుల స్నేహితుడు ఒకాయన పెన్సిల్వేనియాలోనే ఉంటారు. ఆయన అమెరికా పౌరుడు, ఏటా జింకల వేటకు వెళ్లేవారు. ఆయన వెంట వెళ్లడంతో క్లయింటుకూ ఆసక్తి పుట్టింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. న్యూజెర్సీలో జింకల వేటకు సాధారణ సెంటర్‌ఫైర్ రైఫిల్ (ఇప్పటి వేట రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే రకం) వాడనివ్వరు. షాట్‌గన్, మజిల్‌లోడర్ (గొట్టం ముందు వైపు నుంచి మందు కూరే తుపాకి), విల్లు వంటివే వాడాలి. పెన్సిల్వేనియాలో రైఫిల్‌తో వేటాడవచ్చు కానీ, జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే ఎక్కేది) పనికిరాదు. అందువల్ల ఆయనకు కావలసింది బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటానూ చేత్తో పిడి లాగి ఎక్కించేది), వాడబోయేది పెన్సిల్వేనియాలో, భద్రపరచబోయేది న్యూజెర్సీ ఇంట్లో. ఒకే వస్తువు మీద రెండు రాష్ట్రాల చట్టాలూ, వాటి మీద ఫెడరల్ చట్టమూ కలిసి వచ్చి పడే పరిస్థితి ఇది.

వచ్చిన సమస్య

స్నేహితుడి దగ్గర ఒక పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. స్కోప్‌తో సహా మంచి ధరకు ఇస్తానన్నారు. పెన్సిల్వేనియాలో లాంగ్ గన్‌ను (రైఫిల్, షాట్‌గన్ వంటి పొడవాటి తుపాకిని) ఒక వ్యక్తి మరో వ్యక్తికి డీలరు ప్రమేయం లేకుండానే నేరుగా అమ్ముకోవచ్చని ఆయనకు తెలుసు, అది నిజం కూడా. "మా ఇద్దరి మధ్య లావాదేవీ, అక్కడి చట్టం ఒప్పుకుంటోంది, ఇంక అడ్డేముంది సార్?" అని క్లయింటు నన్ను అడిగారు. అది కుదరకపోతే రెండో ఆలోచనగా, స్నేహితుడే దుకాణంలో కొత్తది కొని తనకు బహుమతిగా ఇస్తారన్నారు. మూడోది, పోకనోస్ ఇంటి చిరునామా చూపి అక్కడి దుకాణంలో తానే కొనుక్కోవడం. ఈ మూడూ ఆయన దాదాపు ఖాయం చేసుకునే వచ్చారు. ఏది తేలిక అన్నది మాత్రమే నన్ను అడగదలచుకున్నారు.

నేను మాత్రం రైఫిల్ సంగతి పక్కనపెట్టి ముందు ఆయన హోదా గురించి అడిగాను. తుపాకి కేసుల్లో వలసదారు విషయంలో మొదట తేల్చుకోవలసింది అదే. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చేది) మీద దేశంలో ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998లో ఫెడరల్ చట్టంలో చేర్చారు. హెచ్-1బీ, ఎఫ్-1 రెండూ దీని కిందికే వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. ఒకప్పుడు పౌరులు కానివారు ఆ రాష్ట్రంలో వరుసగా 90 రోజులు ఉన్నట్టు విడిగా చూపవలసి వచ్చేది, 2012లో ఆ షరతును తీసేశారు. కాబట్టి క్లయింటు కొనుగోలుకు అర్హుడే. గంజాయి గురించి కూడా అడిగాను. న్యూజెర్సీలో 2021 నుంచి పెద్దలు వాడటం చట్టబద్ధమే అయినా, ఫెడరల్ చట్టం దృష్టిలో వాడుతున్నవారికి తుపాకి నిషిద్ధం, కొనుగోలు ఫారం మీద ఆ హెచ్చరిక స్పష్టంగా ముద్రించి ఉంటుంది. ఆయనకు ఆ అలవాటు లేదు.

మొదటి రెండు ఆలోచనలు ఎందుకు ఆగిపోయాయి

1963లో అధ్యక్షుడు కెనడీని చంపడానికి వాడిన రైఫిల్‌ను మారుపేరుతో, డల్లాస్ పోస్టాఫీసు పెట్టెకు, చికాగోలోని ఒక దుకాణం నుంచి పోస్టులో తెప్పించుకున్నారు. ఆ తర్వాత 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యలు జరిగాయి. ఆ ఏడాది అక్టోబరు 22న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన గన్ కంట్రోల్ యాక్ట్, రాష్ట్రాల మధ్య తుపాకుల రాకపోకలను లైసెన్సు ఉన్న డీలర్ల చేతుల్లో పెట్టింది. ఈ చరిత్ర క్లయింటుకు చెప్పడానికి కారణం ఉంది: నియమం ఎందుకు పుట్టిందో తెలిసినవారు దాని చుట్టూ దారులు వెతకడం తగ్గిస్తారని నా అనుభవం.

ఆ చట్టంలోని 922వ సెక్షను అమ్మేవారినీ కొనేవారినీ ఇద్దరినీ కట్టిపడేస్తుంది. లైసెన్సు లేని వ్యక్తి (అంటే డీలరు కాని మామూలు మనిషి), వేరే రాష్ట్రంలో నివసించే మరో లైసెన్సు లేని వ్యక్తికి తుపాకి అమ్మడం, ఇవ్వడం, బదిలీ చేయడం నేరం. వేరే రాష్ట్రంలో సంపాదించిన తుపాకిని తన సొంత రాష్ట్రంలోకి తెచ్చుకోవడం కొన్న వ్యక్తి వైపు నుంచి నేరం. వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వచ్చినవి మినహాయింపు. చట్టబద్ధమైన క్రీడా అవసరానికి తాత్కాలికంగా అరువు ఇవ్వడమూ మినహాయింపే. ఈ చివరిది మాకు తర్వాత ఎంతో పనికొచ్చింది. పెన్సిల్వేనియా ఇచ్చే వెసులుబాటు అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ పెన్సిల్వేనియా నివాసులైనప్పుడే పనిచేస్తుంది. క్లయింటు న్యూజెర్సీ నివాసి అని స్నేహితుడికి బాగా తెలుసు కాబట్టి, చేతికి చేయి అమ్మి ఉంటే ఇద్దరూ నేరం చేసినట్టే.

బహుమతి ఆలోచన దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే అది చూడటానికి అమాయకంగా కనిపిస్తుంది. నిజమైన బహుమతిని చట్టం తప్పుపట్టదు. కానీ బహుమతి అన్నా వేరే రాష్ట్రంలో ఉన్న వ్యక్తికి నేరుగా ఇవ్వడం బదిలీయే, పైన చెప్పిన నిషేధం దానికీ వర్తిస్తుంది. పైగా ఇక్కడ బహుమతి అన్నది పేరుకే, డబ్బు క్లయింటుదే. డబ్బు ఒకరిది, ఫారం మీద కొనుగోలుదారు పేరు మరొకరిది అయితే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. సుప్రీంకోర్టు 2014లో అబ్రామ్‌స్కీ కేసులో తీర్పు చెప్పినప్పుడు వాస్తవాలు మా కేసుకు చాలా దగ్గరగా ఉన్నాయి. వర్జీనియాలో ఉన్న మాజీ పోలీసు అధికారి, పెన్సిల్వేనియాలో ఉన్న మామయ్య పంపిన 400 డాలర్ల చెక్కుతో తన పేరు మీద పిస్తోలు కొన్నాడు. తర్వాత పెన్సిల్వేనియా డీలరు ద్వారా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా చేయించి, మామయ్యకు అందజేశాడు. ఇద్దరూ తుపాకి కొనడానికి అర్హులే. అయినా "అసలు కొనుగోలుదారు నేనే" అని ఫారం మీద రాసినందుకు శిక్ష పడింది, దాన్ని 5-4 మెజారిటీతో సుప్రీంకోర్టు సమర్థించింది. 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం స్ట్రా పర్చేజ్‌ను విడి నేరంగా నిర్వచించి 15 ఏళ్ల వరకూ శిక్ష పెట్టింది.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి జైలు శిక్ష ఒక్కటే భయం కాదు. తుపాకి కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం వంటి విషయాల్లో ఏ చట్టం కింద శిక్ష పడినా దేశం నుంచి పంపించడానికి అది విడిగా ఒక కారణం అవుతుందని ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది. ఈ మాట విన్నాక క్లయింటు చాలాసేపు మాట్లాడలేదు. స్నేహితుడికి ఫోన్ చేసి ఆ రెండు ఆలోచనలనూ అప్పటికప్పుడే వదిలేశారు.

పోకనోస్ ఇల్లు: నివాసమా, ఆస్తా?

మూడో ఆలోచనకు కొంత చట్టబలం ఉంది, అందుకే దాన్ని వెంటనే తోసిపుచ్చలేదు. ఒక మనిషి ఒక రాష్ట్రంలో ఉంటూ, అక్కడ ఇల్లు ఏర్పరచుకునే ఉద్దేశం కలిగి ఉంటే ఆ రాష్ట్ర నివాసి అవుతాడని ఫెడరల్ నిబంధన చెబుతుంది. రెండు రాష్ట్రాల్లో రెండు ఇళ్లు నిర్వహించేవారి ఉదాహరణ నిబంధనలోనే ఉంది: వారాంతాలకూ వేసవికీ రెండో ఇంటికి వెళ్లే వ్యక్తి, అక్కడ ఉన్న రోజుల్లో ఆ రాష్ట్ర నివాసి అవుతాడు. హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థుల విషయంలోనూ, శాశ్వత డ్యూటీ స్టేషను ఉన్న సైనికుల విషయంలోనూ ఇలాంటి నియమాలే ఉన్నాయి.

అయితే కొనుగోలు సమయంలో నింపే ఫారం 4473 సూచనల్లో మరో వాక్యం కూడా ఉంది: ఒక రాష్ట్రంలో ఇల్లు గానీ భూమి గానీ ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయినట్టు కాదు. క్లయింటు తెచ్చిన కాగితాలు బల్ల మీద పరిచి చూశాం. పెన్సిల్వేనియా కౌంటీ పంపిన ఆస్తి పన్ను బిల్లు ఉంది. ఫోటో గుర్తింపు కార్డు మీది చిరునామా మారినప్పుడు దానికి తోడుగా ప్రభుత్వం జారీ చేసిన ఇలాంటి పత్రాన్ని డీలరు ఒప్పుకోవచ్చు. కానీ అదే ఫైల్లో అద్దె బుకింగుల క్యాలెండరు, ఆ ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా చూపిన టాక్స్ రిటర్ను కూడా ఉన్నాయి. వారాంతాల్లో దాదాపు ఎప్పుడూ ఇతరులే ఉంటున్న ఇంటిని "నా ఇల్లు" అని ప్రమాణం చేసి రాయడం ఎంతవరకు నిలబడుతుంది? రేపు ఏదైనా విచారణ వస్తే ఆయన సొంత పన్ను కాగితమే ఆయన మాటను కాదంటుంది. ఫారంలో తెలిసి తప్పు రాయడం నేరం. వాస్తవాలు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు తనకు అనుకూలమైనదాన్ని ఎంచుకోవడానికి అది సరైన చోటు కాదు.

ఒకవేళ అది నిజమైన రెండో ఇల్లే అనుకున్నా, అసలు ఇబ్బంది తీరదు. రైఫిల్ చివరికి న్యూజెర్సీ ఇంటికి చేరాలి. న్యూజెర్సీలో రైఫిల్ కొనాలన్నా తీసుకోవాలన్నా ముందుగా ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డు ఉండాలి. స్థానికంగా అందరూ దాన్ని ఎఫ్ఐడీ కార్డు అంటారు. ఆ కార్డు తీసుకోకుండా రైఫిల్ దగ్గర ఉంచుకోవడం అక్కడ మూడో స్థాయి (థర్డ్ డిగ్రీ) నేరం, 3 నుంచి 5 ఏళ్ల శిక్ష పరిధిలోనిది. పెన్సిల్వేనియాలో ఏ చిరునామా చూపించినా, సొంత రాష్ట్రం చట్టం కొన్నవారి వెంట ఇంటిదాకా వస్తుంది. క్లయింటుకు నేను అన్ని విధాలా అర్థమయ్యేలా చెప్పాలనుకున్నది ఇదే. ఆ ఆలోచనా అక్కడితో ముగిసింది.

ఎంచుకున్న దారి, అందులో తగిలిన అడ్డంకులు

1968 చట్టం మొదట్లో, పక్క రాష్ట్రాల వారికి మాత్రమే, అదీ కొన్ని షరతులతో, రైఫిళ్లూ షాట్‌గన్లూ అమ్మడానికి డీలర్లను అనుమతించేది. 1986లో వచ్చిన ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ ఆ హద్దును తొలగించింది. అప్పటి నుంచి ఏ రాష్ట్ర నివాసికైనా ఏ రాష్ట్రపు డీలరైనా రైఫిల్ లేదా షాట్‌గన్ అమ్మవచ్చు. దానికి రెండు షరతులు: ఇద్దరూ ఎదురెదురుగా కలవాలి, అమ్మకం రెండు రాష్ట్రాల చట్టాలకూ లోబడి ఉండాలి. పిస్తోళ్లకు ఈ వెసులుబాటు లేదు. అవి కొనుగోలుదారు సొంత రాష్ట్రంలోని డీలరు చేతుల మీదుగానే రావాలి. ఇంకా పూర్తి రైఫిల్‌గా తయారు కాని రిసీవర్‌ను (మిగతా భాగాలు బిగించే ప్రధాన చట్రాన్ని) కూడా చట్టం రైఫిల్‌గా లెక్కించదు కాబట్టి, దాన్ని వేరే రాష్ట్రం దుకాణం కౌంటరు మీద నేరుగా కొనలేరు. సొంతంగా రైఫిల్ జోడించుకోవాలనుకునేవారు ఈ తేడా దగ్గర తరచూ చిక్కుకుంటారు.

కాబట్టి ముందు ఎఫ్ఐడీ కార్డు, ఆ తర్వాతే రైఫిల్ అని నిర్ణయించాం. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, కానీ పరిశీలించేది స్థానిక పోలీసు శాఖ. వేలిముద్రలు, ఇద్దరు పరిచయస్తుల సాక్ష్యం, మానసిక ఆరోగ్య రికార్డుల పరిశీలనకు సమ్మతి కావాలి. 2022 సవరణ తర్వాత శిక్షణ కూడా తప్పనిసరి అయింది, కార్డుకు 10 ఏళ్ల కాలపరిమితి వచ్చింది. నివాసి దరఖాస్తును 30 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆలస్యం మామూలే.

ఇక్కడ మనవాళ్లకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఎదురైంది. క్లయింటు గ్రీన్‌కార్డు మీద పొడవైన ఇంటిపేరు పూర్తిగా, పెట్టిన పేరు రెండు మాటలుగా ఉంది. డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ రెండు మాటలూ కలిసిపోయి, ఇంటిపేరు సగంలో తెగిపోయింది. ఫారం 4473లో పేరును గుర్తింపు కార్డు మీద ఉన్నట్టుగానే రాయాలి, పౌరులు కానివారు యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ శాఖ) ఇచ్చిన నంబరు కూడా ఇవ్వాలి. రెండు కార్డుల్లో పేర్లు వేర్వేరుగా ఉంటే పోలీసు శాఖలోనూ, తర్వాత డీలరు దగ్గరా సందేహాలు రావడం సహజం. అందువల్ల దరఖాస్తు పంపకముందే డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే మోటార్ వెహికల్ కమిషన్‌లో లైసెన్సు మీది పేరును గ్రీన్‌కార్డుకు సరిపోయేలా మార్పించాం. ఇంటిపేరు తక్కువమందిది కావడం వల్ల ఇంకో చిక్కు తప్పింది. రెడ్డి, రావు వంటి చాలామందికి ఉండే పేర్లయితే, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ తనిఖీలో (తుపాకి కొనేవారి బ్యాక్‌గ్రౌండ్ చెక్) వేరొకరి రికార్డుతో పొరపడి జాప్యం కావచ్చు. అలా పదేపదే జరిగేవారు ఎఫ్‌బీఐ వాలంటరీ అప్పీల్ ఫైల్‌లో నమోదు చేసుకుని ఒక ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు.

ఈ లోగా వేట సీజను దగ్గరపడింది. పెన్సిల్వేనియాలో జింకల రైఫిల్ సీజను థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. కార్డు అప్పటికి చేతికి రాదని తేలిపోయింది. పైన చెప్పిన అరువు మినహాయింపు అప్పుడే అక్కరకు వచ్చింది. క్లయింటు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, నాన్‌రెసిడెంట్ (బయటి రాష్ట్రాల వారికిచ్చే) వేట లైసెన్సు తీసుకున్నారు. స్నేహితుడు తన రైఫిల్‌ను పెన్సిల్వేనియాలోనే, ఆ వేట కోసం, తాత్కాలికంగా వాడనిచ్చారు. నేను పెట్టిన షరతు ఒక్కటే: వేట ముగిసిన రోజే రైఫిల్ స్నేహితుడి ఇంటికి తిరిగి వెళ్లాలి, రెండు రాష్ట్రాలకూ సరిహద్దైన డెలావేర్ నది దాటకూడదు. డబ్బు ఏదీ చేతులు మారకూడదని కూడా చెప్పాను. అరువు పేరుతో జరిగే అమ్మకం అనే అనుమానానికి ఎక్కడా తావు ఉండకూడదు. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ నారింజ రంగు కనిపించాలన్న నియమం గురించి మాత్రం నేను చెప్పనక్కరలేకపోయింది. స్నేహితుడే చొక్కా, టోపీ సిద్ధంగా ఉంచారు.

కార్డు వచ్చాక మొదటి ప్రయత్నం పెన్సిల్వేనియా దుకాణంలో. కార్డు, లైసెన్సు, గ్రీన్‌కార్డు అన్నీ చూపించినా ఆ దుకాణం అమ్మనంది. చట్టం అనుమతిస్తున్నప్పుడు ఎందుకు అమ్మరని క్లయింటు కోపంగా ఫోన్ చేశారు. చట్టం అనుమతిస్తుంది కానీ, అమ్మి తీరాలని డీలరును బలవంతపెట్టదు. పైగా వేరే రాష్ట్రం వ్యక్తికి రైఫిల్ అమ్మిన డీలరుకు రెండు రాష్ట్రాల చట్టాలూ తెలుసని, అందుకు విరుద్ధమైన సాక్ష్యం లేనంతవరకు, 922వ సెక్షనే భావిస్తుంది. న్యూజెర్సీ నిబంధనల్లో ఏ చిన్న అంశం తప్పిపోయినా నష్టపోయేది దుకాణం లైసెన్సు. దాని కోణం నుంచి చూస్తే ఆ నిరాకరణలో న్యాయం ఉంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా నివాసులకు అమ్మకూడదని తమంతట తామే నిర్ణయించుకున్న దుకాణాలు చాలానే ఉన్నాయి. అక్కడ వాదించవద్దని చెప్పాను.

చివరికి పనిచేసినది మొదటి కోరికకే దగ్గరగా ఉన్న దారి: స్నేహితుడి పాత రైఫిలే, కానీ డీలర్ల ద్వారా. లైసెన్సు లేని వ్యక్తి తన తుపాకిని ఏ రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న డీలరుకైనా పంపవచ్చు. స్నేహితుడు రైఫిల్‌ను కారులో వేసుకుని న్యూజెర్సీ డీలరు దగ్గరకు తీసుకొస్తానన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆయనకు న్యూజెర్సీ కార్డు లేదు. రాష్ట్రాల గుండా ప్రయాణించేవారికి ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణ, గమ్యస్థానంలో కూడా ఆ తుపాకిని చట్టబద్ధంగా ఉంచుకోగలవారికే వర్తిస్తుంది. అందుకని ఆయన తమ ఊరి డీలరుకు ఇచ్చారు, ఆ డీలరు న్యూజెర్సీ డీలరుకు పంపారు. రైఫిల్‌కు స్నేహితుడు బిగించుకున్న సప్రెసర్ (పేలుడు శబ్దం తగ్గించే గొట్టం) పెన్సిల్వేనియాలో చట్టబద్ధమే, కానీ న్యూజెర్సీలో నిషిద్ధం. దాన్ని పంపకముందే తీయించాం. మ్యాగజీను పది తూటాల పరిమితి లోపే ఉందని కూడా ముందుగా సరిచూశాం. న్యూజెర్సీ డీలరు ఫారం 4473, రాష్ట్రం కోరే అర్హతా ధ్రువపత్రం నింపించి, రాష్ట్ర పోలీసుల ద్వారా తనిఖీ పూర్తి చేసి రైఫిల్ అందజేశారు. రెండు డీలర్ల రుసుములు కలిపితే ధర కొంత పెరిగింది. క్లయింటు దాన్ని ఖర్చుగా లెక్కించలేదు. మొదటి రోజు కార్యాలయంలో విన్నది ఆయనకు గుర్తుంది.

బావమరిది సంగతి

రైఫిల్ ఇంటికి వచ్చే ముందు ఇంకొక విషయం తేలాలి. ఆ ఇంట్లో హెచ్-1బీ మీద ఉన్న మనిషి ఉన్నాడు. చేతిలో పట్టుకోకపోయినా, తీసుకోగల స్థితిలో ఉండి, దాని మీద అదుపు ఉంటే దాన్ని కూడా కోర్టులు దగ్గర ఉంచుకోవడంగానే చూస్తాయి. నాన్‌ఇమ్మిగ్రెంట్ల విషయంలో చట్టం ఒక మినహాయింపు ఇస్తుంది: అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉంటే నిషేధం వర్తించదు. బావమరిదికి కూడా వేటకు రావాలని ఉంది, కాబట్టి లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని క్లయింటు అనుకున్నారు. నేను ఆ మినహాయింపు మీద ఇంటి ఏర్పాటును నిలబెట్టవద్దన్నాను. పెన్సిల్వేనియా వేట లైసెన్సు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. పునరుద్ధరించడం మరచిపోయిన మరుసటి రోజు నుంచి ఆ కుర్రవాడు నిషిద్ధ వ్యక్తే. లైసెన్సు వేట కోసం తీసుకోవచ్చు. ఇంట్లో మాత్రం స్టీలు సేఫ్, దాని కోడ్ క్లయింటు ఒక్కరికే. తూటాలు కూడా అందులోనే.

ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి కేసులు పట్టించుకోదని బావమరిది అన్నప్పుడు, 2019లో సుప్రీంకోర్టు చేరిన రెహైఫ్ కేసు గురించి చెప్పాను. ఎఫ్-1 మీద వచ్చిన విద్యార్థి, చదువు ఆగిపోయి హోదా పోయిన తర్వాత ఫ్లోరిడాలో ఒక షూటింగ్ రేంజ్‌లో తుపాకి పట్టుకున్నందుకు అరెస్టయ్యాడు. తన హోదా గురించి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పు వచ్చేసరికి అతను కింది కోర్టులో దోషిగా తేలి ఉన్నాడు. రేంజ్‌కు సరదాగా వెళ్లి ఫోటోలు పెట్టుకునే మన విద్యార్థులందరికీ ఈ కేసు తెలియాలని నా గట్టి కోరిక.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

రైఫిల్ గురించి వచ్చేవారిని ఇప్పుడు నేను ముందు అడిగేది ఎక్కడ కొంటారని కాదు. మొదట వీసా హోదా, తర్వాత నిజంగా ఎక్కడ నివసిస్తున్నారన్నది, ఆ తర్వాత అమ్మేది డీలరా లేక వ్యక్తా, చివరగా అది రైఫిలా, పిస్తోలా, ఉత్త రిసీవరా అన్నది అడుగుతాను. ఈ క్రమంలో ఒక్క ప్రశ్న దాటవేసినా తర్వాతి జవాబులు తలకిందులవుతాయి. రెండు రాష్ట్రాల చట్టాలూ చూడమని చెప్పినప్పుడు చాలామంది దుకాణం ఉన్న రాష్ట్రం సంగతే చూస్తారు. నిజానికి చిక్కులు ఎక్కువగా ఇంటి రాష్ట్రం నుంచే వస్తాయి. కాలిఫోర్నియా నివాసి నెవాడాలో డీలరు దగ్గర రైఫిల్ కొన్నా, 2015 నుంచి దాన్ని సొంత రాష్ట్రపు డీలరు ద్వారా తప్ప ఇంటికి తెచ్చుకోలేరు. వాషింగ్టన్ రాష్ట్రంలో బయటి రాష్ట్రాల వారికి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు అమ్మకూడదు. ఇల్లినాయ్ నివాసికి ముందు ఫోయిడ్ కార్డు (ఆ రాష్ట్రం ఇచ్చే తుపాకి గుర్తింపు కార్డు) కావాలి. వయసు కూడా అంతే: ఫెడరల్ చట్టం ప్రకారం డీలరు దగ్గర రైఫిల్ కొనడానికి 18 ఏళ్లు చాలు, ఫ్లోరిడాలో 2018 నుంచి 21 నిండాలి.

ఫైలు మూసే ముందు క్లయింటు చివరి ప్రశ్న అడిగారు: కంపెనీ తనను వేరే రాష్ట్రానికి మారిస్తే ఈ రైఫిల్ సంగతి ఏమిటని. ఒక రాష్ట్ర నివాసిగా చట్టబద్ధంగా సంపాదించిన తుపాకిని ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళ్లడానికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. కానీ కొత్త రాష్ట్రానికి తన నియమాలు ఉంటాయి. కాలిఫోర్నియాకు మారితే 60 రోజుల్లో అక్కడి ప్రభుత్వానికి తెలియజేయాలి. అలాంటి మార్పు ఖాయమైతే సామాను కట్టకముందే నాకు ఫోన్ చేయమని చెప్పి, ఆయన ఎఫ్ఐడీ కార్డు నకలును, రైఫిల్ కొనుగోలు రసీదును ఫైల్లో ఉంచాను.